శేషాచలం మాస్టారి పథ్యం

గుంటూరొచ్చిన కొత్తలోనే నేను తప్పిపోయాను. అడవిలోనో తిరనాళ్ళలోనో తప్పిపోతే దానికో అందం ఉంటుంది. నేను తప్పిపోయింది మా ఇంటి ముందు.

బ్రాడీపేటలో వీధులకు పేర్లు తక్కువ, అంకెలు ఎక్కువ. నిలువుగా పోయేది లైను, అడ్డంగా పోయేది అడ్డరోడ్డు, రెంటికీ నంబర్లే. మా అబ్బాయి నజీరు ఆ రెండు నంబర్లూ నాకు బట్టీ పట్టించాడు. నేను ఆటోలో వాటిని తిరగేసి చెప్పాను. ఆ ఆటో అబ్బాయి నాకు ఊరంతా చూపించి, చివరికి విసిగిపోయి దణ్ణం పెట్టి ఒక సందు మొగలో దింపేశాడు. నడిచి నడిచి ఒక మేడ ముందు ఆగాను. వరండాలో పడక్కుర్చీలో బక్కపల్చటి పెద్దాయన పేపరు చదువుకుంటున్నారు.

"ఏవండీ, సత్తెనపల్లి వైపు నుంచి కరీముల్లా అని ఒకాయన కొత్తగా వచ్చి దిగాడు. ఆయన ఇల్లేమైనా తెలుసాండీ?"

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "మా పై వాటాలోనే. ఇంతకీ మీరెవరు?"

"నేనే కరీముల్లానండీ."

ఆయన నవ్వలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, లేచి వచ్చి గేటు తీసి, "మెట్లు ఎడంచేతి వైపు," అన్నారు. లెక్క తప్పు చేసిన కుర్రాడికి మళ్ళీ మొదట్నుంచి చెప్పే ఓపిక ఉంది ఆ గొంతులో. ఆయనే శేషాచలం మాస్టారు, మేం దిగిన రోజున ఊళ్ళో లేరు. ఒకప్పుడు సత్తెనపల్లి హైస్కూల్లో మా నజీరుకు లెక్కలు చెప్పారు. ఆ శిష్యుడే మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరి ఇల్లు వెతుక్కుంటున్నాడని తెలిసి, పిలిచి మరీ తన మేడ మీద వాటా ఇచ్చారు. నేనూ మా ఆవిడ జానీబీ చేను కౌలుకిచ్చేసి, మోకాళ్ళు పట్టుకుని వాడి వెనకే వచ్చాం. పండించిన మిరపకాయలేమో ఏసీలో పడుకుంటాయి, పండించినవాడు ఫ్యాను కింద పడుకుంటాడు. అదీ మా గుంటూరు కాపురం.

ఈ వయసులో ఊరు మారితే బెంగపడతారంటారు. నాకు బెంగెందుకండీ? మా ఊళ్ళో నా కోతలు విని విని జనం అరిగిపోయారు. నేను నోరు తెరవకముందే "ఆ, కొంగల కథేగా" అనేవాళ్ళు. ఇక్కడ అన్నీ కొత్త చెవులే. నడిచే మెట్లుండే పెద్ద షాపు చూశాం. జానీబీ వాటిని గుడి మెట్లనుకుందో మసీదు మెట్లనుకుందో, చెప్పులు కింద విడిచి ఎక్కింది. పైకెళ్ళాక చెప్పుల కోసం ఏడుపు. షేరాటోలో ఆరుగురు పట్టేచోట పదిమందిని పట్టించే విద్య చూశాను. మధ్యాహ్నం మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే వీధి వీధంతా తుమ్మేది. నాకు మాత్రం అది మా కళ్లం వాసన, హాయిగా పీల్చేవాణ్ణి.

మాస్టారి భార్య కనకలక్ష్మిగారు. మేం దిగిన రోజునే నన్ను అన్నయ్యగారూ అనీ, జానీబీని వదినా అనీ వరస కలిపేసింది. ఆవిడకున్న బాధల్లా మాస్టారి చక్కెర జబ్బు. కొర్రన్నం, చప్పిడి కూర, పొద్దున్నే కాకరకాయ రసం, రాత్రి మెంతులు నానబెట్టిన నీళ్ళు. ఆ ఇంట్లో పంచదార డబ్బా అన్నది కంటికి కనపడేది కాదు. ఒకరోజు ఆవిడే నన్ను పిలిచి అడిగింది.

"అన్నయ్యగారూ, డాక్టరమ్మ రోజూ నడవమంది. ఈయన్ని ఒక్కర్నీ పంపిస్తే మలుపు దాకా వెళ్ళి ఎవరింటి అరుగు మీదో కూర్చుని వచ్చేస్తున్నారు. మీరు తోడు వెళితే నాకు నిశ్చింత."

"నువ్వు నిశ్చింతగా ఉండమ్మా," అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఈ నోటితోనే.

మొదటి రోజులు నిజంగానే నడిచాం. నేను కొంగల కథ చెప్పాను.

"మాస్టారూ, మా చేలో ఒక ఏడు పండిన కాయ ఎంత ఘాటంటే, కళ్లంలో ఆరబోస్తే పైన ఎగిరే కొంగలు బారు తప్పి తుమ్ముకుంటూ సాగర్ దాకా పోయాయి. ఇప్పటికీ ఆ కొంగలు ఎర్రటిది కనపడితే ముక్కు మూసుకుంటాయి."

"కొంగ ముక్కు దేనితో మూసుకుంటుందయ్యా, రెక్కతోనా?"

"రెండో కాలితో మాస్టారూ. అందుకేగా ఒంటికాలి మీద నిలబడేది."

ఆయన రోడ్డు మధ్యలో ఆగి, పొట్ట పట్టుకుని నవ్వారు. జన్మంతా లెక్కలు చెప్పిన మనిషి, లెక్క తేలని మాట విని అంత నవ్వుతారని నేననుకోలేదు. నాకు పొంగిపోయినట్టయింది. ఇక ఆయన్ని నవ్వించడమే నా ఉద్యోగం అనుకున్నాను.

ఆ నడకలోనే మలుపులో పిచ్చమ్మ బండి తగిలింది. మూకుడులో పునుగులు పొంగుతున్నాయి. పళ్ళేలకు ప్లాస్టిక్ కాయితాలు తొడిగి, అల్లప్పచ్చడి ఒక గరిట, కొబ్బరి పచ్చడి ఒక గరిట. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. మాస్టారి కాళ్ళు కూడా ఆగాయి. ఆయన మొహం మాత్రం అటు తిప్పుకుని కరెంటు స్తంభాన్ని చూస్తోంది.

"మాస్టారూ, ఒక్కటి."

"వద్దయ్యా. కనకానికి తెలిస్తే చంపేస్తుంది."

"ఒక్కటి తింటే ఎలా తెలుస్తుంది?"

"రెండు తింటేనో?"

"రెండు తింటే అసలే తెలియదు."

ఆయన తిన్నారు. పునుగు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ మొహం చూసి నేను, ఈ మనిషికి మేలు చేశాననే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఇక అక్కణ్ణుంచి మా నడక నడక కాదు, దండయాత్ర. పూరీలోకి బొంబాయి చట్నీ ఎక్కడ బాగుంటుందో, జిలేబీ ఏ వీధిలో ఎన్నింటికి మూకుట్లోంచి తీస్తారో, ఏ సోడా బండివాడు సుగంధి ఎక్కువ పోస్తాడో, అంతా మాకు కరతలామలకం. సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి, అక్కడ టీ తాగి అదే బస్సులో వెనక్కొచ్చేవాళ్ళం. కండక్టరు, "ఎక్కడికి పెద్దాయనా?" అంటే మాస్టారు గంభీరంగా, "ఎక్కడికీ కాదు," అనేవారు. ఒకరోజు టీ గ్లాసు చేత్తో పట్టుకుని అన్నారు: "ఈ ఊరికి బదిలీ మీద వచ్చి సగం జీవితం అయిందయ్యా కరీముల్లా. బడి, ఇల్లు, కూరల బజారు. ఊరు ఇలా ఉంటుందని నాకు తెలియనే తెలియదు. మొన్నొచ్చినవాడివి, నువ్వు చూపించావు."

ఇంటికొచ్చాక అబద్ధాల వాటా నాది. ఆలస్యం ఎందుకైందంటే, లాడ్జి సెంటరులో గేదె ఒకటి సిగ్నలు దగ్గర అడ్డంగా కూర్చుందనీ, ఎర్ర లైటు పడితే లేవనంటోందనీ, పచ్చ లైటు పడితే పచ్చగడ్డి అనుకుని అటే చూస్తోందనీ, చివరికి పోలీసాయన దానికి చలానా రాశాడనీ చెప్పాను. మాస్టారి చొక్కా మీద నూనె మరకెందుకంటే, పక్కనుంచి పోతున్న నూనె డబ్బాల రిక్షా తుమ్మిందని చెప్పాను. కనకలక్ష్మిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "అన్నయ్యగారి కథలకే వీళ్ళు లేటవుతున్నారు వదినా," అనేది జానీబీతో. జానీబీ నవ్వేది కాదు. నా వైపు ఓసారి చూసి బియ్యంలో రాళ్ళు ఏరుకునేది.

అలా సాగుతుండగా మాస్టారి రక్తపరీక్ష వచ్చింది. చక్కెర తగ్గకపోగా పెరిగింది. బాగా పెరిగింది.

ఆ సాయంత్రం కనకలక్ష్మిగారు పైకి వచ్చి వంటింట్లో జానీబీ పక్కన పీట మీద కూలబడింది. నేను హాల్లో ఉన్నాను, నాకన్నీ వినపడుతున్నాయి.

"ఏం తప్పు చేస్తున్నానో తెలియడం లేదు వదినా. గింజ గింజా కొలిచి పెడుతున్నాను. డాక్టరమ్మ నన్నే అడుగుతోంది, ఏం వండుతున్నారమ్మా అని. నా చేతిలోనే ఏదో లోపం ఉందేమో. ఆ అరగ్లాసు పాలు కూడా మానిపించేస్తాను."

ఆవిడ ఏడుస్తోంది. ఏడుపు వినపడకుండా ఏడుస్తోంది, అది ఇంకా కష్టం. నేను లేచి వెళ్ళి, తప్పు నీది కాదమ్మా, పిచ్చమ్మ పునుగులదీ నాదీ అని చెప్పాలి. లేచాను కూడా. గుమ్మం దాకా వెళ్ళి, చెంబులో నీళ్ళు ముంచుకుని తాగి మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

మర్నాడు మాస్టారితో, "ఇక మానేద్దాం," అన్నాను. ఆయన తల ఊపారు. బండి దగ్గరకు వచ్చేసరికి, "ఇవాళ్టికి చివరిసారి," అన్నారు. ఆ చివరిసారి రోజూ వచ్చేది. నేనూ గట్టిగా కాదనలేదు. ఎందుకంటే డాక్టరమ్మ మాత్రల మోతాదు పెంచింది. రెట్టింపు చేసింది. ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. మిరపతో పాటు పత్తీ పండించినవాణ్ణి నేను. చేలో పురుగు ఎక్కువైతే మందు డోసు పెంచుతాం, పురుగూ మందూ చెరిసగం అయి చేను నిలబడుతుంది. అదే లెక్క ఇక్కడా వేసుకున్నాను. పునుగులు పెరిగాయి, మాత్రలూ పెరిగాయి, సరికి సరి. మాస్టారికి కూడా ఇదే చెప్పాను. లెక్కల మాస్టారు నా లెక్కను ఒప్పుకున్నారు. నిజానికి ఒప్పుకోవాలని ఉండి ఒప్పుకున్నారు.

ఇంతలో మాకు రంజాన్ నెల వచ్చింది.

తెల్లవారకముందే ఇంత తిని, మళ్ళీ పొద్దుగూకే దాకా మంచినీళ్ళయినా ముట్టని ఒక్కపొద్దులు. నాకివి చిన్నప్పట్నుంచీ అలవాటే, మా ఇంట్లో ఎవరమూ మానం. నడక మాత్రం మానలేదు. మొదటి రోజు బండి దగ్గర ఆగి, "మీరు కానివ్వండి మాస్టారూ, నేను చూస్తూ ఉంటాను," అన్నాను.

"సిగ్గులేదుటయ్యా నాకు?" అన్నారాయన. "నువ్వు గొంతులో ఉమ్మైనా మింగకుండా నిలబడితే, నేను నీ ముందు పచ్చడి నాకుతూ నిలబడాలా? నీ పండగ అయ్యేదాకా నాకూ వద్దు."

"మీకెందుకండీ ఈ శిక్ష?"

"శిక్ష కాదు. తోడు."

 మంచిదే అయింది, ఈ వంకనైనా ఆయన మానేశారు, పండగ తర్వాత కూడా ఇలాగే మానిపించేస్తానని సంబరపడ్డాను. ఆ రోజు ఇంటికొచ్చి జానీబీతో, "చూశావా, నా ఒక్కపొద్దు పుణ్యం మాస్టారిక్కూడా తగిలింది," అని జోకు కూడా వేశాను.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు ఎండ ముదిరాక కింది నుంచి కనకలక్ష్మిగారి కేక వినపడింది. మెట్లు ఎలా దిగానో తెలియదు. మాస్టారు పడక్కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. ఒళ్ళంతా చెమట, నీళ్ళు పోసినట్టు. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, "ఏరా, హోంవర్కు తెచ్చావా?" అన్నారు. నేనెవరో ఆయనకు తెలియడం లేదు.

"చక్కెర పెరిగిపోయింది అన్నయ్యగారూ," అంది కనకలక్ష్మిగారు. "తలకెక్కేసింది. నేను ఇంకా తగ్గించి పెట్టాల్సింది."

నేను రోడ్డు మీదికి పరుగెత్తి ఆటోకు అడ్డం నిలబడ్డాను. ఆయన్ని నా ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆడవాళ్ళిద్దరూ ఎదురు సీట్లో ఇరుక్కున్నారు. దారి పొడుగునా ఆయన గొణుగుతున్నారు, పదమూడో ఎక్కం. మధ్యలో ఒకచోట ఆగిపోయి, మళ్ళీ మొదట్నుంచి అందుకుంటున్నారు. 

అక్కడ సూది గుచ్చి చూశారు. చక్కెర పెరగలేదు. పడిపోయింది. ఇంకాసేపు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని నర్సమ్మ అంటూనే సెలైను పెట్టింది. గ్లూకోజు ఎక్కుతుంటే ఆయన మొహంలోకి రంగు రావడం నా కళ్ళతో చూశాను. మందు కొట్టిన చేను గుర్తొచ్చింది నాకు. పురుగే లేని చేను మీద డబుల్ డోసు కొడితే ఏమవుతుందో ప్రతి పత్తి రైతుకీ తెలుసు. ఆకు మాడిపోతుంది. ఇన్నేళ్ళ వ్యవసాయంలో ఎప్పుడూ చెయ్యని పని, ఈ ఊరొచ్చి మాస్టారి ఒంటి మీద చేశాను.

డాక్టరమ్మ చిన్నది, మనవరాలి ఈడు. కాగితాలు తిరగేస్తూ కనకలక్ష్మిగారిని అడిగింది.

"పోయిన నెల అంత ఎక్కువుంది, ఇప్పుడు ఇంతలా పడిపోయింది. తిండిలో ఏమైనా మార్పు చేశారా ఆంటీ?"

"ఏ మార్పూ లేదమ్మా. అదే కొర్రన్నం, అదే చప్పిడి కూర. బయట ఆయన మంచినీళ్ళు కూడా తాగరు."

"తిండి మారకుండా ఇలా పడిపోయిందంటే కిడ్నీల మీద అనుమానం వస్తోంది. ఇక్కడ కాదు, విజయవాడ పంపించి అన్ని పరీక్షలూ చేయించాలి. అక్కడికి రాసిస్తాను."

కిడ్నీలన్న మాట వినేసరికి కనకలక్ష్మిగారు గోడ పట్టుకుంది. డాక్టరమ్మ తన గదిలోకి వెళ్ళిపోయింది. లేని జబ్బుకు ఆ మనిషిని సూదులతో పొడుస్తారు, ఈవిడ ఆ భయంతోనే సగం చచ్చిపోతుంది. ఉన్న సంగతి ఈ భూమ్మీద తెలిసిన వాళ్ళం ఇద్దరం. ఒకరు సెలైను కింద ఉన్నారు. రెండోవాణ్ణి నేను.

"అమ్మా, కనకలక్ష్మమ్మా, ఒక్క మాట," అన్నాను. "మాస్టారు బయట తిన్నారు. రోజూ తిన్నారు. పునుగులు, పూరీలు, జిలేబీ. నేనే తినిపించాను. అందుకే చక్కెర పెరిగింది, అందుకే మాత్రలు పెంచారు. రంజాను వచ్చాక మానేశారు. మాత్రలు మాత్రం మానలేదు."

ఆవిడ నన్ను చూసి, నీరసంగా నవ్వింది.

"నన్ను ఊరడించడానికి చెబుతున్నారు. ఇప్పుడు కథలు వద్దు అన్నయ్యగారూ. నవ్వే ఓపిక లేదు."

"కథ కాదమ్మా! నిజం!"

"గేదె సంగతి చెప్పినప్పుడు కూడా మీరు ఇలాగే నిజమన్నారు."

 ఇన్నాళ్ళూ నా మాట నమ్మించడానికి ఎన్ని ఒట్లు పెట్టానో అన్నీ అబద్ధాల మీదే ఖర్చు చేసేశాను. ఇప్పుడు నిజానికి ఒక్క ఒట్టు మిగల్లేదు. చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసి ఆవిడను మంచం దగ్గరకు తీసుకెళ్ళాను. మాస్టారికి తెలివి వచ్చింది. నీరసంగా చూస్తున్నారు.

"మాస్టారూ, మీరే చెప్పండి. పిచ్చమ్మ బండి దగ్గర మనం తినలేదా?"

ఆయన నన్ను చూశారు. భార్యను చూశారు. ఆవిడ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అంతే, ఆయన మొహం తలుపు వేసుకున్నట్టు మూసుకుపోయింది.

"ఈయన మాటలు నమ్ముతావుటే కనకం? మొన్నటికి మొన్న గేదెకు చలానా రాయించాడు. నేనెక్కడ తిన్నాను? నువ్వు పెట్టిందే తిన్నాను."

నాకు కోపం రాలేదు. ఆ మనిషి ఏ పిల్లవాడికీ అరమార్కు కూడా ఎక్కువ వెయ్యలేదని మా నజీరు చెప్పుకునేవాడు. అలాంటి మనిషి చేత అబద్ధం ఆడించాను. అదీ సెలైను కింద పడుకుని, నన్ను కాపాడడానికో, తనను కాపాడుకోవడానికో, ఆవిడ మనసు కాపాడడానికో. పైగా ఆ అబద్ధం ఆయనకు చేతకాలేదు. చెవులు ఎర్రబడిపోయాయి. కానీ ఆవిడకు అది జ్వరంలా కనపడింది. ఆవిడ ఆయన నుదురు పట్టుకు చూసి, "పడుకోండి, మాట్లాడకండి," అంది.

"ఒక్కపొద్దు నోటితో చెబుతున్నానమ్మా," అన్నాను. నా గొంతు నాకే వేరేవాడి గొంతులా ఉంది. "తిన్నారు. నేను తినిపించాను."

ఆవిడ నన్నూ మాస్టారినీ మార్చి మార్చి చూసింది. ఎటూ తేల్చుకోలేకపోతోంది. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న జానీబీ లోపలికి వచ్చింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు అది.

"ఈయన చెప్పేది నిజమేనమ్మా," అంది. "అబద్ధమైతే ఇంకా బాగా చెప్పేవాడు."

 కనకలక్ష్మిగారు నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను కూడా కొర్రన్నమే తింటున్నాను అన్నయ్యగారూ," అంది మెల్లగా. "ఆయనకు జబ్బని తెలిసిన రోజు నుంచి. ఆయన ముందు కూర్చుని నేను తెల్లన్నం ఎలా తింటానని. తీపి కూడా ముట్టుకోలేదు."

అని, కొంగు సర్దుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. నేను ఎక్కడ చూడాలో తెలియక ఆయన పాదాలు చూస్తూ నిలబడ్డాను. మాస్టారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. నా వైపు తిరగలేదు.

విజయవాడ మాట పోయింది. డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, ఏమేం తిన్నారో ఒక్కొక్కటే అడిగింది. ఒక్కటి కలపకుండా, ఒక్కటి దాచకుండా చెప్పడం నాకు అదే మొదటిసారి, చెమటలు పట్టాయి. జిలేబీ దగ్గర ఆ పిల్ల కలం ఆపి, "తాతగారూ, మీరు నా పేషెంటును చంపేసేవాళ్ళు," అంది. అవునమ్మా అన్నాను. మాత్రలు పాత మోతాదు కంటే కూడా తగ్గించి రాసింది.

మాస్టారు ఇంటికొచ్చారు. కానీ నాతో మాట్లాడలేదు. వరండాలో నేను మెట్లు దిగుతుంటే పేపరు అడ్డం పెట్టుకునేవారు. భార్య అడిగితే మాత్రం అదే పాట: "నేను తినలేదే. ఆయనే ఏదో ఊహించుకున్నాడు." ఆవిడ, "సరేలెండి," అనేది. ఆ సరేలెండి పైకి నాకు వినపడేది. సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉండడమే తప్పనిపించేది. జానీబీ నాకు ఒక్క మాట కూడా దెప్పలేదు. అది ఇంకా గుచ్చుకునేది.

ఒకరోజు పొద్దున్నే కింది నుంచి, "అన్నయ్యగారూ, నడక టైమైంది!" అని పిలుపు వచ్చింది. దిగి చూస్తే కనకలక్ష్మిగారు జరీ అంచు చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని నిలబడి ఉంది. పక్కన మాస్టారు మొహం ముడుచుకుని ఉన్నారు.

"డాక్టరమ్మ నడక మానొద్దంది. మీ ఇద్దర్నీ వదిలిపెడితే నాకు బుద్ధి లేనట్టే. పదండి, ముగ్గురం పోదాం."

మేమిద్దరం ముందు, ఆవిడ వెనక. పోలీసు వెనక నడుస్తుంటే ముద్దాయిలు ఎలా నడుస్తారో అలా నడిచాం.  మలుపులో ఆవిడ నా పక్కకు వచ్చింది.

"ఏదీ ఆ బండి?"

 నా చూపుడు వేలు లేచింది. ఆవిడ నేరుగా వెళ్ళి, "ఒక ప్లేటు ఇవ్వమ్మా," అంది. పిచ్చమ్మ మా ఇద్దర్నీ చూసి పలకరించబోయి, మా మొహాలు చూసి ఆగిపోయింది. వేడి వేడి పునుగులు పళ్ళెంలోకి వేసి ఇచ్చింది.

కనకలక్ష్మిగారు రోడ్డు పక్కన నిలబడి తినడం జన్మలో అదే మొదలని చూస్తేనే తెలుస్తోంది. పళ్ళెం ఎటు పట్టుకోవాలో, బస్సొస్తే ఎటు జరగాలో తెలియడం లేదు. ఒక పునుగు తుంచి, ఊదుకుని, పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకుంది. మాకు పెట్టలేదు. ఒకరికి ఒక్కపొద్దు, ఒకరికి పథ్యం. మేం నిలబడి చూస్తున్నాం. ఆవిడ కొర్రన్నం తిన్న రోజులన్నీ నా కళ్ళ ముందు వరసగా వచ్చి కూర్చున్నాయి. మేం బస్సులో ఊరేగిన పొద్దులన్నీ ఆవిడ ఇంట్లో గింజలు కొలుస్తూ ఉంది. ఈ ఊళ్ళో ఏ సుగంధి ఏ బండి మీద దొరుకుతుందో ఆవిడకెవరూ చూపించలేదు.

"ఊరికే నిలబడ్డారేం అన్నయ్యగారూ?" అంది తింటూనే. "కథ చెప్పండి. వినడానికే కదా వచ్చాను."

నేను నోరు తెరిచాను. కొంగలు రాలేదు, గేదె రాలేదు. అంత పెద్ద గుంటూరులో ఒక్క అబద్ధం నాకు దొరకలేదు. ఆవిడ కాసేపు నా నోటి వంక చూసి, మళ్ళీ పళ్ళెం వైపు తిరిగింది. రెండు పునుగులు మిగిలాయి, పచ్చడి అయిపోయింది. వేలితో పళ్ళెం అంచు తుడుస్తోంది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"పచ్చడి అయిపోతే మళ్ళీ అడుగు కనకం," అన్నారు, కరెంటు స్తంభం వైపు చూస్తూ. "రెండోసారి అల్లప్పచ్చడి అడిగితే కాదనదు. ఎక్కువే వేస్తుంది."